మా బండికి తెరుచుకోని గేటు

నేను పశువుల డాక్టరుగా మొదట ఉద్యోగంలో చేరింది జడ్చర్లలో, అరవైల మొదట్లో. మాది హుజూర్‌నగర్ దగ్గరి పల్లె. అక్కడి నల్లరేగడి, చెరువు నీళ్లు తప్ప వేరే నేల తెలియని నాకు ఈ ఎర్ర నేలలు, రాళ్ల గుట్టలు, నీడ లేని రోడ్లు కొత్త. డిపార్టుమెంటు నాకు ఒక పాత మోటారు సైకిలు ఇచ్చింది. యుద్ధకాలం నాటిది. దాని చప్పుడు మైలు దూరం వినిపించేది. ఊళ్లలో దాన్ని ఫట్‌ఫటీ అనేవారు. మేము ఊరి పొలిమేర దాటకముందే కుక్కలు మొరిగేవి, కోళ్లు ఇళ్ల మీదికెక్కేవి, పశువులున్నవాళ్లు తలుపులు వేసుకునేవారు.

తలుపులు ఎందుకంటే, మేము వచ్చేది సూది వేయడానికి. అప్పుడు పశువులకు ముసర రోగం తగిలితే కొట్టానికి కొట్టమే ఖాళీ అయ్యేది. దానికి టీకా వచ్చింది. కానీ సర్కారు సూది వేస్తే ఎద్దు పనికిరాకుండా పోతుందని, బర్రె పాలు ఎండిపోతాయని జనం నమ్మేవారు. ఆ అనుమానాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. చదువు లేకపోతే మనిషి ఇంతే అనుకునేవాణ్ణి.

నా వెనక కూర్చునేది మా కాంపౌండరు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఆ జిల్లాలోనే పుట్టి పెరిగిన మనిషి. ఒళ్లో టీకా మందున్న మంచు పెట్టె పెట్టుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకునేవాడు. మంచుగడ్డ మహబూబ్‌నగర్ నుంచి పొద్దుటి బస్సులో వచ్చేది, రంపపు పొట్టులో చుట్టి, గోనెసంచిలో. మందు చల్లగా ఉంటేనే మందు. వేడెక్కితే నీళ్లతో సమానం. కాబట్టి మంచు కరిగేలోపల ఊరు చేరాలి, పశువులను కట్టించాలి, సూదులు వేయాలి. మా పనంతా ఎండతో పందెం.

మేము తిరిగే ఊళ్లలో సగం రైలు పట్టాలకు అవతల ఉండేవి. మధ్యలో ఒక గేటు. రోడ్డుకు అడ్డంగా రెండు ఇనుప తలుపులు, గొలుసు, తాళం. రోడ్డు మీద బండి వచ్చినప్పుడు గేట్‌మన్ తెరవాలి, వెళ్లగానే మూయాలి. నడిచేవాళ్లకు పక్కన సందు ఉండేది. సైకిలువాళ్లు సైకిలు ఎత్తుకుని అందులోంచి దూరేవారు. మా బండి ఎత్తడం నలుగురి వల్ల కూడా అయ్యేది కాదు.

మొదటిసారి వెళ్లినప్పుడు మా ముందు ఒక లారీ ఉంది. గేటు తెరిచి ఉంది, దాని వెనకే మేమూ దాటాం. దాటుతూ గేట్‌మన్ దగ్గర బండి ఆపి, "అవతల ఊరు ఎంత దూరం ఉంటది?" అని అడిగాను. నలభై ఏళ్ల మనిషి, సన్నగా, నీలం చొక్కా. గొలుసు మీద వంగి తాళం వేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. మళ్లీ అడిగాను. తాళం చెవి నడుముకు చెక్కుకుని గదిలోకి వెళ్లిపోయాడు.

"పొగరు సార్," అన్నాడు కాంపౌండరు. "రైల్వే నౌకరి గద. మనల్ని లెక్క చేస్తడా."

రెండోసారి మా ముందు ఎవరూ లేరు. గేటు ముందు బండి ఆపి హారన్ కొట్టాను. ఇంజను గట్టిగా తిప్పాను. పట్టాల పక్కనున్న గది తలుపు సగం తెరిచి ఉంది. లోపల ఎవరో కదిలారు, కానీ బయటికి రాలేదు. పావుగంట తర్వాత కాంపౌండరు దిగి, సందులోంచి దూరి, గది దగ్గరికి పోయాడు. గేట్‌మన్ భార్య వాకిట్లోకి వచ్చి అడ్డంగా నిలబడింది.

"రైలొచ్చే టయిమైంది సారూ. తెరువరాదు," అంది.

ఆ రైలు రాలేదు. అరగంట తర్వాత మా వెనక నుంచి బస్సు వచ్చింది. విచిత్రం ఏమిటంటే, బస్సు ఇంకా మలుపు తిరగకముందే, దాని హారన్ మాకే వినపడకముందే, గేట్‌మన్ గదిలోంచి తాళం చెవి పట్టుకుని బయటికి వచ్చాడు. మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత తల వంచుకుని గేటు తెరిచాడు. బస్సు వెనక మేమూ పోయాం. ఆ రోజు మంచు సగం నీళ్లయింది.

అప్పటి నుంచి ఆ గేటు మీద ఒక కన్నేసి ఉంచాను. మూడోసారి ఆమె, "ఆయనకు జ్వరమొచ్చింది," అంది. నాలుగోసారి, "అన్నం తింటుండు, జర ఆగుండ్రి," అంది. ఆ జర ఎంతకూ తీరలేదు. తాళం చెవి నువ్వే తెచ్చి తియ్యరాదా అంటే, అది ఆయన నడుముకే ఉంటుందని, ఇంకొకరు ముట్టుకోరాదని చెప్పింది. ప్రతిసారీ ఏదైనా లారీనో బస్సో వస్తే తప్ప ఆ గేటు తెరుచుకోలేదు. లారీ వస్తే మాత్రం పిలవకుండానే లేచి వచ్చేవాడు. ఎడ్ల బండ్లవాళ్లు దిగి తిన్నగా గదిలోకి వెళ్లి అతన్ని తీసుకువచ్చేవారు. వాళ్లను ఆమె ఆపేది కాదు. మమ్మల్ని మాత్రం ఆపేది.

మైలు దూరం వినిపించే బండి ఈ మనిషికి పది గజాల్లో వినపడదా? నేను నమ్మలేదు. కావాలనే చేస్తున్నాడని తేల్చుకున్నాను. ఎందుకు చేస్తున్నాడన్నదే తేలాలి.

కాంపౌండరు దగ్గర ఒకటికి రెండు కారణాలున్నాయి. మనకంటే ముందున్న డాక్టరు ఆ గేట్‌మన్ బర్రెకు సూది వేశాడని, అది వారం రోజుల్లో చచ్చిందని, ఆ కక్ష మన మీద తీర్చుకుంటున్నాడని ఒకటి. లారీవాళ్లు కూరగాయలో కట్టెలో దించి పోతారు, మనం ఏమీ ఇవ్వం, అందుకని ఇంకొకటి. నేను మూడోది కనిపెట్టాను. గది వెనక ఎప్పుడూ నాలుగైదు గోనెసంచులు మూతి కట్టి ఉండేవి. ఒక జిల్లా ధాన్యం ఇంకో జిల్లాకు దొంగతనంగా పోతున్న రోజులవి. ఖాకీ బట్టల్లో ఉన్న మమ్మల్ని గదిదాకా రానివ్వకపోవడానికి అదే కారణమని నాకు గట్టిగా అనిపించింది. నేను ఒక చిన్న నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. ఏ రోజు, ఎంతసేపు ఆపాడు, ఆమె ఏం చెప్పింది, సంచులెన్ని. టీకాల రిజిస్టరు కంటే ఆ బుక్కే శ్రద్ధగా రాశానని ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఎండలు ముదిరాక ఒకనాడు ఆ గేటు దగ్గర గంటకు పైగా ఆగిపోయాం. పెట్టె తెరిచి చూస్తే మంచు లేదు, గోరువెచ్చని నీళ్లలో సీసాలు తేలుతున్నాయి. మందంతా పారబోశాం. అవతల ఊళ్లో పటేలు మా మాట మీద పొద్దున్నుంచి పశువులను కట్టించి ఉంచాడు. రెండు నెలలు తిరిగి ఒప్పించిన ఊరు అది. సాయంత్రానికి విప్పుకుని పోయారు. మళ్లీ కట్టమంటే కట్టలేదు.

ఆ వారమే రైల్వే అధికారికి ఫిర్యాదు రాశాను. రెండు పేజీలు. కాంపౌండరుకు చదివి వినిపించాను. అతను తల ఊపి, "సంచుల సంగతి గూడ రాసిండ్రు, మంచిదైంది," అన్నాడు. ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. కానీ సంచుల్లో ఏముందో కళ్లతో చూడకుండా పంపడానికి మనసొప్పలేదు. చూసే పంపుదామనుకున్నాను.

మర్నాడు ఒక్కణ్ణే వెళ్లాను. గేటుకు రెండు ఫర్లాంగుల ముందే ఇంజను ఆపి, బండిని ఒక రాతి గుండు వెనక నిలబెట్టి, పట్టాల వెంబడి నడిచి గది వెనకకు చేరాను. గేట్‌మన్ భార్య నీళ్లకు పోయినట్టుంది, చప్పుడు లేదు. సంచి మూతి విప్పాను. రైలింజన్లు రాల్చిన కాలిన బొగ్గు. పట్టాల మీద ఏరుకున్నది, పొయ్యిలోకి. ఇంకొకటి విప్పాను. అదీ బొగ్గే. చేతులు నల్లగా అయ్యాయి. అయినా నా అనుమానం పోలేదు, సంచులు మార్చారేమో అనుకున్నాను.

గది కిటికీలోంచి లోపలికి చూశాను. గేట్‌మన్ నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. షాబాదు బండలు పరిచిన నేల. చాప లేదు. చెంప, రెండు అరచేతులు బండకు ఆనించి, కళ్లు తెరిచే ఉన్నాడు. నిద్రపోతున్న మనిషి కాదు, దేనికోసమో కాచుకున్న మనిషి. కాసేపటికి చటుక్కున లేచాడు. తాళం చెవి సర్దుకుని, జెండా తీసుకుని గేటు వైపు నడిచాడు. నన్ను పసిగట్టాడేమోనని గోడకు అంటుకుపోయాను. కానీ అతను గేటు తెరిచి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి గాని నాకు లారీ చప్పుడు వినపడలేదు.

లారీ పోయాక నేను అతని వెనక పది అడుగుల దూరంలో నిలబడి, "ఓ గేట్‌మన్," అని పిలిచాను. తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. గొలుసు తగిలించుకుంటున్నాడు. చప్పట్లు కొట్టాను. చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి కానీ అతను కదలలేదు.

"ఎంత పిలిచినా ఫాయిదా లేదు సారూ," అన్న మాట వినపడింది. అతని భార్య. చంకన బిందెతో నా వెనకే నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది. "చూసినవు గద. ఇగ రాసుకో. గీ మూడు నెలలు గందుకే తిరిగినవు గద."

"ఏం రాసుకోవాలె? నేను పశువుల డాక్టర్‌ను," అన్నాను.

"పశువుల డాక్టరువైతే గేటు కాడ బుక్కుల ఏం రాస్తవు? రైల్వే సారువే నువ్వు. మారు బట్టలల్ల వచ్చి చూసిపోతున్నవు."

నా చేయి జేబు మీదికి పోయింది. ఆ బుక్కు జేబులోనే ఉంది, పక్కనే ఉత్తరం. నేను వాళ్లను కనిపెట్టి చూసినన్నాళ్లూ ఆమె నన్ను కనిపెట్టి చూసింది. నేను డాక్టరునేనని నమ్మించడానికి చాలాసేపు పట్టింది. చివరికి ఆమె మేక కాలికి పట్టిన పుండు చూసి, మందు పేరు చెప్పి, ఎలా కట్టాలో చూపిస్తే కొంత మెత్తబడింది.

మూడేళ్ల కింద అతనికి దగ్గు జబ్బు వచ్చిందట. దవాఖానలో నెలల తరబడి సూదులు ఇచ్చారట. "జబ్బు పోయింది. చెవులు గూడ పోయినయ్," అంది. "ముందు గుయ్యిమని మోగినయట. తర్వాత అదీ లేదు." క్షయకు అలాంటి మందు ఉందని, దాని వల్ల వినికిడి పోవచ్చని నాకు చదువులో తెలుసు. సూది అంటే ఈ జనానికి ఎందుకంత భయమని నేను ఎన్నోసార్లు విసుక్కున్నాను.

"లారీలు, బస్సులు, రైళ్లు బండ మీద చెయ్యి పెడితే ఆయనకు తెలుస్తయి. మీ ఫట్‌ఫటీ ఒక్కటే తెలుస్తలేదు. బరువు లేక అల్కగుంటది గద."

"మరి నువ్వు చూస్తున్నవు కదా. తట్టి లేపితే అయిపోయేది."

"లేపితే బయటికొస్తడు. లారీలోళ్లు చెయ్యి ఊపి పోతరు. బండ్లోళ్లు మా ఊరోళ్లే, అందరికీ ఎరుకే. నువ్వైతే బండి ఆపి మాట్లాడుతవు. తొల్తసారే మాట్లాడినవు. నిద్రపోయిండని రాసుకుంటే జుర్మానా పైసలు కట్టుడుతోటి పోతది. చెవిటోడని రాసుకుంటే నౌకరే పోతది."

గేట్‌మన్ అప్పటికి మమ్మల్ని చూశాడు. దగ్గరికి రాలేదు. భార్య ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. జెండా కర్ర రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

ఆ ఉత్తరం నేను పంపలేదు. అలాగని చించేయనూ లేదు. జాలి ఒకవైపు, భయం ఒకవైపు. ఆ గేటు గుండా రోజూ బస్సు నిండా జనం పోతారు. ఆమె మాట నిజమో కాదో ఎట్లా తెలియాలి? మూడు రోజులు వరసగా ఏదో సాకుతో గేటు దగ్గర కూర్చున్నాను, చేతి గడియారం చూసుకుంటూ. వచ్చిన ప్రతి రైలుకూ అతను నాకు చప్పుడు వినపడకముందే లేచాడు. ఒక్కటీ తప్పలేదు. ఆ టైములన్నీ ఆ బుక్కులోనే రాశాను. కాంపౌండరుకు సంగతంతా చెప్పాను. "ఎవరికీ చెప్పొద్దు," అన్నాను. "నాకెందుకు సార్," అన్నాడు. ఆ తర్వాత మేము వచ్చినప్పుడు ఆమె అతన్ని తట్టి లేపేది, అతను గేటు తెరిచి మా వైపు చూడకుండా చేయి ఎత్తేవాడు. నెల రోజులు అలా గడిచింది.

ఒకనాడు మధ్యాహ్నం మేము గేటు చేరేసరికి రాళ్ల లోడుతో ఒక లారీ మా ముందు పట్టాలు ఎక్కుతోంది. గేట్‌మన్ దానికి జెండా ఊపుతున్నాడు. సరిగ్గా అప్పుడు పట్టాల మీద, గుట్ట మలుపు నుంచి, తోపుడు ట్రాలీ ఒకటి దిగువకు జారుతూ వచ్చింది. నాలుగు చిన్న చక్రాలు, మీద ఒక బెంచీ, గొడుగు కింద ఇన్‌స్పెక్టరు, వెనక ఇద్దరు తోసేవాళ్లు. లైను చూసుకుంటూ తిరిగే ట్రాలీ. దానికి బరువెంత ఉంటుంది, నేల ఎక్కడ అదురుతుంది? తోసేవాళ్లు కొమ్ము ఊదారు, కేకలు పెట్టారు. లారీ డ్రైవరుకు ఇంజను చప్పుడులో వినపడలేదు. గేట్‌మన్‌కు అసలే వినపడదు. నేను బండి పడేసి పరిగెత్తాను, కానీ చేరలేకపోయాను. బ్రేకు పట్టినా ఆగక ట్రాలీ పోయి లారీ వెనక చక్రానికి కొట్టుకుంది. ముగ్గురూ దూకేశారు. ఇన్‌స్పెక్టరు మోకాలు చీరుకుపోయింది, గొడుగు విరిగింది. అంతకంటే ఏమీ కాలేదు. అదే ట్రాలీ ఇంకొంచెం వేగంగా వచ్చి ఉంటే అనే ఆలోచన నన్ను చాలా రోజులు వదలలేదు.

ఇన్‌స్పెక్టరు కుంటుకుంటూ వచ్చి గేట్‌మన్‌ను వెనక నుంచి తిట్టడం మొదలుపెట్టాడు. అతను తిరగలేదు, ఎందుకంటే లారీనే చూస్తున్నాడు. భార్య పరిగెత్తుకుంటూ వచ్చి అతని భుజం పట్టి తిప్పింది. ఇన్‌స్పెక్టరు తిట్టడం ఆపి, ఇద్దరినీ చూసి, నా వైపు తిరిగాడు.

"మీరు రోజూ ఈ దారిన పోతారా?"

"పోతాను."

"ఇతనికి చెవులు వినబడతాయా?"

ఆమె నన్నే చూస్తోంది. కాంపౌండరు మంచు పెట్టెతో దూరంగా నిలబడి ఉన్నాడు.

"వినపడవు," అన్నాను. "కానీ ఇప్పటిదాకా రైలు ఏదీ తప్పలేదు. నేను మూడు రోజులు గడియారం పెట్టుకుని చూశాను."

రెండో మాట ఇన్‌స్పెక్టరు విన్నట్టు లేదు. మొదటిది రాసుకున్నాడు. నా చేత సంతకం పెట్టించాడు. గేట్‌మన్‌ను రైల్వే డాక్టరు దగ్గరికి పరీక్షకు పంపారు. వారంలో కొత్త గేట్‌మన్ వచ్చాడు. పాతవాళ్లు గది ఖాళీ చేసి, ఆ బొగ్గు సంచులతో సహా ఎడ్ల బండి మీద పోయారని విన్నాను.

తర్వాత గేటు పక్క ఊళ్లో ఒక్కరూ పశువును కట్టలేదు. "సూది సారు రాసిచ్చి గేటాయన నౌకరి తీయించిండు. ఇగ మన ఎడ్లను ఏం జేస్తడో," అన్నారట. నేను మొదటి నుంచీ రైల్వే మనిషినేనని, సూదులు పైపై వేషమని కూడా అన్నారు. బుక్కులో రాస్తుంటే చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. వానలకు ముందు ఆ ఊళ్లోకి ముసర రోగం రానే వచ్చింది. తొమ్మిది పశువులు చచ్చిపోయాయి. అందులో ఒక విధవరాలి జత ఎడ్లున్నాయి. ఆమె వాకిట్లో నేను నిలబడితే లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

జేబులో నలిగిన ఆ పాత ఉత్తరం ఆ రోజే పొయ్యిలో వేశాను. కూర్చుని కొత్తది రాశాను. మూడు రోజుల రైలు టైములు, అతను లేచిన టైములు వరసగా రాసి, ఈ మనిషికి వినికిడితో పని లేని కొలువు ఏదైనా ఇవ్వమని అడిగాను. జవాబు రాలేదు.

ఏడాది తర్వాత పని మీద మహబూబ్‌నగర్ వెళ్లి స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉంటే గేట్‌మన్ భార్య కనపడింది. అన్నం గిన్నె పట్టుకుని దీపాల గది వైపు పోతోంది. అతనికి అక్కడ దీపాలు తుడిచి నూనె పోసే పని ఇచ్చారట. నా ఉత్తరం వల్లనో, వాళ్ల పద్ధతి అదేనో నాకు తెలియదు, అడగలేదు.

"ట్రాలీ సారు ఊరికెనే రాలే," అంది ఆమె. "గేటాయన చెవిటోడని ఎవరో చెప్తే చూడనీకి వచ్చిండట. ఎవరు చెప్పిండ్రు?"

"నేను చెప్పలేదు. అడిగినప్పుడే చెప్పిన."

"ఊరోళ్ల లెక్క నేను గూడ నువ్వనే అనుకున్న. శానా దినాలు తిట్టుకున్న." గిన్నె చేయి మార్చుకుంది. "మీ కాంపౌండరు గూడ కావచ్చు. లారీలోళ్లు గట్లనే అన్నరు." అని, అన్నం చల్లారుతుందని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం జడ్చర్లలో సూదులు మరిగించిన నీళ్లు పారబోస్తున్న కాంపౌండరును అడిగాను. అతను గిన్నె కింద పెట్టి నా వైపు చూశాడు.

"నేను చెప్పలే సార్. మీరే చెప్పిండ్రనుకున్న. మీరు చెప్పి నన్ను చెప్పొద్దన్నరనుకున్న. ఆ మాట అడుగుడు బాగుండదని ఊకున్న."

అతని ముఖంలో అబద్ధం కనపడలేదు. నిజమూ కనపడలేదు. ఏడాది పాటు నన్ను అనుమానిస్తూనే నా వెనక కూర్చుని తిరిగాడన్న మాట. ఇప్పుడు నా వంతు వచ్చింది. బహుశా ఎవరూ చెప్పి ఉండరు, ట్రాలీ తన వేళకు తానే వచ్చి ఉంటుంది. ఈ రోజుకీ నాకు తెలియదు. మేము ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మర్నాడు పొద్దున మంచు వచ్చింది, పెట్టె సర్దుకుని ఇద్దరం బయల్దేరాం. గేటు పక్క ఊళ్లో ఆ విధవరాలు అప్పు చేసి కొనుక్కున్న కోడెదూడను మొదటిసారి తానే తోలుకొచ్చి కట్టింది. సూది వేసేటప్పుడు నా చేతినే చూస్తూ నిలబడింది, ఒక్కసారి కూడా చూపు తిప్పలేదు.